బేరంలో మిగిలిన చీర

పిసినారులు వేరు, దర్జా మనుషులు వేరు అని మీరు అనుకుంటూ ఉంటే, ఒక్క శనివారం వచ్చి నా కొట్లో కూర్చోండి. అనకాపల్లిలో బెల్లం మార్కెట్టుకి వెళ్ళే దారిలో ఉస్మాన్ సాయిబు బట్టల కొట్టు అంటే ఎవరైనా చూపిస్తారు. బెల్లం అమ్ముకున్న రైతు నేరుగా నా దగ్గరికి వస్తాడు. ఒక తువ్వాలు మీద ఐదు పైసలు తగ్గించమని నా ప్రాణం తోడేస్తాడు. ఎండకి వచ్చానంటాడు, పాత ఖాతాదారునంటాడు, చివరికి లేచి చెప్పులు కూడా వేసుకుంటాడు. సరే పొమ్మని తగ్గిస్తానా, మళ్ళీ చెప్పులు విప్పి కూర్చుని, అద్దాల బీరువాలో ఉన్న టెర్లిన్ చొక్కా గుడ్డ చూపించమని, ధర కూడా పూర్తిగా వినకుండా కోయించుకుని సంచిలో పెట్టుకుంటాడు.

ఇదెక్కడి బుద్ధి అని నేను చాలా ఏళ్ళు విసుక్కున్నాను. మా ఆవిడ దిల్షాద్ బేగం మాత్రం నవ్వేది. మిట్టమధ్యాహ్నం ఎండలో నడిచి రిక్షా డబ్బులు మిగుల్చుకుని, దానికి పదింతలు పోసి లక్నో అత్తరు కొనుక్కునే మనిషి తన ఇంట్లోనే ఒకడున్నాడని అనేది. ఇంట్లో అలాంటి మాటలు పడుతూ ఏ విషయం మీదా తాపీగా ఆలోచించలేం. అందుకని ఆ బుద్ధి వెనకున్న సంగతి నాకు ఇంట్లో కాక కొట్లోనే, కోటవురట్ల కాసులమ్మ వల్ల తెలిసింది.

కాసులమ్మ భర్త కన్నబాబు చెరకు రైతు. మనిషి మెత్తన. టైరు ముక్కతో కుట్టించిన చెప్పులు వేసుకుని, చేతికి మాత్రం చీకట్లో వెలిగే అంకెల గడియారం కట్టుకుంటాడు. కాసులమ్మ బక్కపలచని మనిషి. కొట్లోకి వచ్చి, చాప మీద కూర్చుని, ముందు గ్లాసుడు మంచినీళ్ళు అడుగుతుంది. నీళ్ళు అడిగిందంటే ఇక ఆ మధ్యాహ్నం నాది కాదన్నమాటే. ఆవిడ గడప తొక్కగానే నా ధరలన్నీ కాస్త పెరిగేవి. దాన్ని మోసం అనకండి, మర్యాద అనండి. తగ్గించడానికి ఏమీ లేని ధర చెబితే కాసులమ్మని అవమానించినట్టే. ఆవిడకీ ఆ సంగతి తెలుసు. తెలిసి కూడా ప్రతిసారీ మొదటి ధర విని గుండె మీద చెయ్యేసుకునేది.

బెల్లానికి ధర పలికిన ఏడాది కన్నబాబు డాబా ఇల్లు కట్టాడు. గృహప్రవేశానికి వచ్చే ఆడవాళ్ళకి పెట్టడానికి చీరలు కావాలని కాసులమ్మ వచ్చింది. మా వైపు వాటిని పెట్టుడు చీరలంటారు. శుభకార్యానికి వచ్చిన ప్రతి ముత్తయిదువకీ బొట్టు పెట్టి చేతిలో పెట్టేవి. ఆ చీరలు కట్టుకోవడానికి కాదు. పుచ్చుకున్నావిడ దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని ఒక్కసారి నలిపి చూస్తుంది. దాని రకమేమిటో తెలిసిపోతుంది. మడత విప్పదు. విప్పితే మళ్ళీ ఇంకొకరికి పెట్టడానికి పనికిరాదు కదా. అలా నా కొట్లో పుట్టిన ఒక్కొక్క చీర ఏళ్ళ తరబడి మడత విప్పుకోకుండా ఊళ్ళు తిరుగుతుంది. ఒక చీర పది చీరల పని చేసి నా పొట్ట కొడుతూంటుంది.

ఆ రోజు కాసులమ్మ మిల్లు చీరల కట్టలు ముందేసుకుని నాతో చేసిన బేరం తలుచుకుంటే ఇప్పటికీ నాకు దాహమేస్తుంది. చివరికి నేను ఓడిపోయాను. ఆవిడ లెక్క సరిచూసుకుని, చెమట తుడుచుకుని, గొంతు తగ్గించి, బీరువాలో ఉన్న ఉప్పాడ చీర తీయమంది.

నేరేడు పండు రంగు చీర అది. ఒళ్ళంతా సాదా, చెంగు నిండా జరీ పువ్వులు. గుప్పిట్లో ఇమిడేటంత పలచన. పద్నాలుగు క్యారెట్లకి మించిన బంగారంతో నగలు చేయకూడదని సర్కారు ఆంక్షలు పెట్టిన రోజులు కాబట్టి, ఆ నగలు నచ్చని ఆడవాళ్ళు అలాంటి చీరల వైపు చూసేవారు. చూసేవారు గాని కొనేవారు తక్కువ. కాసులమ్మ దాని ధర అడిగింది. చెప్పాను. బేరం ఆడకుండా కొంగుముడి విప్పింది. నాకు నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. అంతసేపు మిల్లు చీరల మీద నన్ను పీల్చి పిప్పి చేసిన మనిషి ఇదేనా అని పైకే అన్నాను.

"అదీ ఇదీ ఒకటేటి సాయిబుగోరూ," అంది ఆవిడ. "ఇటికల కాడ్నించి అరటిపళ్ళ దాకా, ఇంతవుద్ది అని మా ఇంటాయన డబ్బిచ్చేడు. నాను బేరమాడి అంతకన్నా తక్కువకి తెచ్చేను. ఆ మిగిలింది ఆయనది కాదు. నా నోటితో నాను సంపాయించుకున్నది. నా డబ్బుకాడ కూడా బేరమాడుకుంటానేటి?"

అప్పుడు నాకు వెలిగింది. తువ్వాలు దగ్గర పిసినారి, టెర్లిన్ దగ్గర జమీందారు అయ్యే ఆ రైతు కూడా ఇదే పని చేస్తున్నాడు. ముందు కష్టపడి గెలుచుకుంటాడు, తర్వాత గెలిచినవాడిలా ఖర్చు పెడతాడు. అయితే అతనికి చెరకుంది, బెల్లముంది. కాసులమ్మకి ఆ నోరు తప్ప వేరే రాబడి లేదు. పెళ్ళయి అన్నేళ్ళలో ఆవిడ తన సొంతమని కొనుక్కున్నది ఆ ఒక్క చీరే.

అత్తగారి కంటా ఊళ్ళోవాళ్ళ కంటా పడకుండా, జరీ చెంగు లోపలికి పోయేలా మడత పెట్టమంది. పెట్టాను. పైకి చూస్తే ఏదో సాదా చీరలా ఉంది. గొడవంతా అక్కడే మొదలైంది.

గృహప్రవేశమైన తర్వాతి శనివారం ఆవిడ మళ్ళీ వచ్చింది. మంచినీళ్ళు అడగలేదు. చాప మీద కూలబడి జరిగింది చెప్పుకొచ్చింది. కన్నబాబు పెదనాన్న కూతురు గంగాభవానిని ఉప్మాక ఇచ్చారు. పొలం గట్టు దగ్గర ఏదో తగువొచ్చి రెండిళ్ళకీ మాటల్లేవు. పిలవడమైతే పిలిచారు గాని వస్తుందని ఎవరూ అనుకోలేదు. చీరల పంపకాలన్నీ అయిపోయాక ఆవిడ బండి దిగింది. కన్నబాబుకి ప్రాణం లేచొచ్చింది. బొట్టు పెట్టడానికి కాసులమ్మ కుంకుమ భరిణ తీసింది గాని పెట్టడానికి చీర మిగల్లేదు. కన్నబాబు గదిలోకి పరిగెత్తి, కాసులమ్మ ట్రంకు పెట్టె అడుగున ఉన్న చీర పట్టుకుని, ఇదిగో ఒకటుందంటూ నలుగురిలోకీ వచ్చాడు. తన కోసం దాచుకున్నానని చెబితే ఎక్కడ కొన్నావు, ఎంత పెట్టావు, ఏ డబ్బు అని అందరూ అడుగుతారు. చెప్పకపోతే చీర పోతుంది. కాసులమ్మ తన చీరని తన చేతులతోనే గంగాభవాని చేతిలో పెట్టి, బొట్టు పెట్టి, కాళ్ళకి పసుపు కూడా రాసింది.

"అదేటందో తెలుసా?" అంది కాసులమ్మ. "ఏళ్ళతో నలిపి సూసి, మా వదిన మరీ పలచన సీర ఎట్టిందని ఊరంతా సెప్పుకుంటంది."

నాకు నవ్వాగలేదు. మా వైపు ఆడవాళ్ళకి గట్టిగా, దళసరిగా ఉంటేనే మంచి గుడ్డ. సన్నం నూలు కాబట్టి ఖరీదెక్కువన్న సంగతి గంగాభవాని వేళ్ళకి తెలియలేదు. తను జన్మలో పెట్టిన వాటిలో అన్నిటికన్నా ఖరీదైన చీరకి కాసులమ్మ పిసినారి అనిపించుకుంది. నేను నవ్వుతూనే ఉన్నాను గాని, ఆవిడ కళ్ళల్లో నీళ్ళు చూసి ఆపేశాను. నిజంగానే నా మనసు చివుక్కుమంది.

ధైర్యం చెప్పాను. పలచన అనుకుంది కాబట్టి గంగాభవాని ఆ మడత విప్పదు, కట్టుకోదు, ఏదో ఒక శుభకార్యంలో ఎవరికో పెట్టేస్తుంది, ఆ పెట్టించుకునే మనిషివి నువ్వే అయితే సరి, అన్నాను. కాసులమ్మ ముఖం వికసించింది. ఇక అక్కడి నుంచి ఆవిడ ఉప్మాక చుట్టుపక్కల జరిగిన ఏ పేరంటాన్నీ వదల్లేదు. చెవులు కుట్టిస్తే వెళ్ళింది, సీమంతానికి వెళ్ళింది, ఎవరింట్లోనో ఆవు ఈనిందని కూడా వెళ్ళింది. గంగాభవానితో తగువు సంగతి మర్చిపోయి వరసపెట్టి పలకరించింది. తమ రెండిళ్ళూ కలిసిపోయాయని కన్నబాబు మురిసిపోయాడు. ప్రతి చోటా ఆవిడకి బొట్టూ చీరా దొరికాయి. ఉప్పాడ మాత్రం దొరకలేదు. ఒక చోట, తను ఎప్పుడో ఎవరి పెళ్ళిలోనో పెట్టిన చీరే నూనె మరకతో సహా తిరిగొచ్చింది.

ఆ చీర చివరికి నా కొట్లోకి తనంతట తనే నడిచి వచ్చింది. సముద్రం ఒడ్డునున్న రాజయ్యపేట నుంచి నూకరత్నం అనే మంత్రసాని జాకెట్టు గుడ్డ కోసం వచ్చింది. ఒంటి మీద నేరేడు పండు రంగు ఉప్పాడ, భుజం మీద నుంచి జరీ పువ్వుల చెంగు. ఆ చెంగుని ఆనుకుని చంకలో ఎండు చేపల బుట్ట. ఏ మాత్రం తొందరపడకుండా, ఈ చీర ఎక్కడిదమ్మా అని అడిగాను. గంగాభవాని కూతురికి పురుడు పోస్తే చాటెడు బియ్యంతో పాటు పెట్టిందని చెప్పింది. ఆ రంగు జాకెట్టు గుడ్డ నా దగ్గర ఉంది. అయినా లేదన్నాను. శనివారం రమ్మన్నాను. కోటవురట్ల బస్సు కండక్టరుతో కాసులమ్మకి కబురు పంపాను.

శనివారం ఇద్దరూ వచ్చారు. కాసులమ్మ బేరానికి సిద్ధమై వచ్చిందని చూడగానే తెలిసింది. మంచినీళ్ళు అడిగింది. నూకరత్నం పక్కన చాప మీద సర్దుకుని కూర్చుంది. ఇంత పలచన చీర సముద్రం గాలికి ఎన్నాళ్ళు ఆగుతుంది, దీనికి బదులు రెండు గట్టి చీరలు, కొత్తవి, నీకు నచ్చిన రంగులు ఇప్పిస్తాను, మార్చుకుంటావా అని మెత్తగా మొదలుపెట్టింది. నేను చీరలు తీసి పరిచాను. ఆ బేరంలో కాసులమ్మ గెలవాలని నాకెంత ఆత్రంగా ఉందో చెప్పలేను.

నూకరత్నం ఆ చీరల వంక చూడనే లేదు.

"బిడ్డ అడ్డం తిరిగిపోనాదమ్మా," అంది. "రెండు రాత్రులు కన్ను మూయకండా కూకున్నాను. తల్లీ బిడ్డా బతికేరు. మడత విప్పి సూసేసరికి నాకే బయమేసింది. పొరపాటున ఇచ్చేరేమోనని ఎనక్కి పట్టికెల్లేను. గంగాభవానమ్మ ఆ జరీ సూసి సెంగంతా ఏళ్ళతో తడిమినాది. అప్పుడు, పొరపాటేటి, తెలిసే ఇచ్చేను పట్టికెల్లు అన్నాది. నాకు అందరూ పాతయే ఇత్తారు. ఊళ్ళు తిరిగి తిరిగి మాసిన మడతలు. ఇది ఎవులో దయ తలిసి ఇచ్చింది కాదు, నాను సంపాయించుకున్నది. సంపాయించుకున్న దానికి మారు బేరమేటి?"

కాసులమ్మ నోరు తెరిచింది. మూసుకుంది. అలాంటిది నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. ఆ చీర చెంగు కొసని ఒకసారి వేళ్ళతో పట్టుకుని, నూకరత్నం భుజం మీద సరిగ్గా సర్దింది. నీకు బాగుందమ్మా అంది. తర్వాత నా వైపు తిరిగింది.

"జాకెట్టు గుడ్డ ఎంత సెప్పేవు ఈవిడికి?" అంది.

చెప్పాను. గుండె మీద చెయ్యేసుకుంది. ఇక నూకరత్నం తరపున ఆవిడ నాతో చేసిన బేరం మామూలు బేరం కాదు. చీర పోయిన కసి అంతా ఆ ముక్క గుడ్డ మీద తీర్చుకుంది. నేను అసలు కన్నా తక్కువకి కోసిచ్చాను. నూకరత్నం నవ్వుకుంటూ బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆవిడ వెళ్ళాక కాసులమ్మ ఏమీ కొనకుండా బస్సు వేళకి లేచింది.

ఇక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది. గంగాభవాని మాత్రం తను మంత్రసానికి ఉప్పాడ జరీ పెట్టానని చెప్పుకోకుండా ఉండలేకపోయింది. చెప్పుకున్నాక, అది తనకి వదిన పెట్టిందన్న సంగతి కూడా ఒప్పుకోక తప్పలేదు. పలచన అని ప్రచారం చేసినందుకు సిగ్గుపడి, ఎదురుపడ్డ కన్నబాబుకి మొత్తం చెప్పేసింది. అతను మర్నాడే నా కొట్టుకి వచ్చాడు. వస్తూనే తలుపు దగ్గర ఆగి గొంతు సవరించుకున్నాడు. ఆ డబ్బు ఎక్కడిదని అడుగుతాడు, నేనేం చెప్పాలి అని నాకు చెమటలు పట్టాయి.

"సాయిబు మామా, మా గంగకి మాయావిడ ఎట్టిన సీర లాటిది ఇంకోటుందా?" అన్నాడు. "పెట్టె అడుగున దాసినాది మామా, గంగ కోసవే. అది వత్తాదని ఇంట్లో ఎవులమూ అనుకోనేదు, ఇదొక్కత్తే అనుకున్నాది. తనకి మిల్లు సీరలు, నా సెల్లికి ఉప్పాడ. అలాటి మనిసిని నాను ఇన్నాళ్ళూ నోరుగలదనే అనుకున్నాను."

కన్నబాబు కళ్ళు తుడుచుకున్నాడు. నేను బీరువా తాళం వెతుక్కుంటూ ముఖం అటు తిప్పుకున్నాను. అంత అబద్ధమైన నిజాన్ని దిద్దడం నా వల్ల కాదు. అదే రంగుది ఇంకొకటి ఉంది. తీశాను. అలవాటు కొద్దీ, కాసులమ్మ ఇంటి మనిషి కదా అని, బేరానికి చోటుంచి ధర చెప్పాను. నేను తగ్గించేలోపే అతను డబ్బు బల్ల మీద పెట్టి, చీర చంకన పెట్టుకుని, టైరు చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్ళిపోయాడు.

శనివారం కాసులమ్మ ఆ కొత్త చీర కట్టుకునే వచ్చింది. నిజంగా లక్ష్మీదేవిలా ఉంది. ఆ మాట అన్నాను. ఆవిడ మాత్రం కూర్చోకుండానే, ఆయన అడక్కపోతే నువ్వు తగ్గించవా అని నిలదీసింది. నేను అప్పటికే ఆ తేడా డబ్బు విడిగా తీసి ఉంచాను. ఆవిడ ముందు పెట్టాను. ఇది నీదే తీసుకోమ్మా, అన్నాను. ఆవిడ ఆ డబ్బు వంక చాలాసేపు చూసింది. తర్వాత చేత్తో వెనక్కి నెట్టేసింది.

"ఆయన నాకు సీర కొన్నాడు. పెళ్ళయినకాడ్నించి ఎప్పుడూ కొనని మనిసి. అది సూసి నాకు ఏడుపొచ్చింది సాయిబుగోరూ, అబద్దం ఆడను. అయినా ఇది ఆయన ఇచ్చింది. ఇప్పుడు నువ్వూ ఊరికినే ఇత్తానంటన్నావు. ఊరికినే ఇత్తే అది నాదెలాగవుద్ది?"

నేను ఆ డబ్బు తీసి మళ్ళీ గల్లాలో వేసుకున్నాను. ఆవిడ చాప మీద కూర్చుంది. జరీ చెంగు నలక్కుండా ఒళ్ళో పెట్టుకుంది.

"మంచినీళ్ళియ్యి," అంది. "తువ్వాళ్ళు తియ్యి."

నీళ్ళిచ్చాను. తువ్వాళ్ళు తీసి ముందు పడేశాను. ఒక్కొక్కటీ ఎంత అని అడిగింది. అనకాపల్లిలో అంతకు ముందెవరూ చెప్పని ధర, మామూలుకి రెట్టింపు, నేను తల వంచుకుని చెప్పాను.

కాసులమ్మ గుండె మీద చెయ్యేసుకోలేదు. నా వంక ఒక్క క్షణం చూసింది. తర్వాత గ్లాసు పక్కన పెట్టి, మొదలుపెట్టింది.

సాయంత్రం కోటవురట్ల బస్సు వెళ్ళిపోయింది. మేమింకా మొదటి తువ్వాలు దగ్గరే ఉన్నాం.